హోర్తా గోడ మీద ఒక చదరం

అట్లాంటిక్ మహాసముద్రం నడుమ, లిస్బన్‌కు పడమరగా 1,500 కిలోమీటర్లకు పైగా దూరాన ఫయాల్ అనే చిన్న ద్వీపం ఉంది. పోర్చుగల్‌కు చెందిన అజోర్స్ ద్వీపాలు తొమ్మిదింటిలో అది ఒకటి. జనాభా సుమారు 15,000. ద్వీపానికి ముఖ్యపట్టణమైన హోర్తాలో చూడదగ్గ కోటలూ చర్చిలూ లేకపోలేదు. కానీ ఓడ దిగిన మనిషి మొదట చూసేది ఒక సిమెంటు గోడను. అలలను ఆపడానికి కట్టిన ఆ గోడ మీదా, దాని వెంట సాగే నడవ మీదా, మెట్ల మీదా ఎక్కడ చూసినా బొమ్మలే. తెరచాపలు, తిమింగిలాలు, జెండాలు, మనుషుల పేర్లు, సంవత్సరాలు. సముద్రం దాటి వచ్చిన ప్రతి పడవా ఇక్కడ ఒక బొమ్మ వేసి వెళ్ళాలి. వేయకుండా లంగరెత్తిన పడవకు దారిలో కీడు తప్పదని నావికుల నమ్మకం. ఉపగ్రహాల సాయంతో దారి చూసుకునే ఈ కాలపు నావికుడు కూడా ఈ ఒక్క విషయంలో పెద్దల మాట జవదాటడు.

హోర్తా మొదటినుంచీ ఇతరుల ప్రయాణాలకు మజిలీగా బతికిన ఊరు. పందొమ్మిదో శతాబ్దంలో అమెరికా నుంచి వచ్చిన తిమింగిలాల వేట ఓడలు ఇక్కడ ఆగి మంచినీళ్ళూ కూరగాయలూ నింపుకునేవి, కొరతపడ్డ కళాసీలను కూడా ఇక్కడి కుర్రాళ్ళ నుంచే ఏరుకునేవి. ఈ రేవుకు అడ్డుకట్ట పని 1876లో మొదలయింది. 1893 నుంచి సముద్రగర్భపు తంతి తీగలు ఇక్కడికి చేరాయి. ఐరోపా అమెరికాల మధ్య నడిచే వార్తలను ఈ ఊళ్ళో కూర్చున్న బ్రిటిష్, జర్మన్, అమెరికన్ గుమస్తాలు ఒకరి చేతినుంచి ఒకరు అందుకుని ముందుకు పంపేవారు. 1919 మే నెలలో అట్లాంటిక్‌ను మొదటిసారి దాటిన అమెరికన్ నీటివిమానం కూడా ఈ రేవులోనే వాలింది. తరువాత తంతి తీగలు మూతపడ్డాయి, విమానాలు ఆగకుండా ఎగిరిపోవడం నేర్చుకున్నాయి. మిగిలినవి తెరచాప పడవలే. వాటి కోసం 1986లో ప్రత్యేకంగా ఒక పడవల రేవు తెరిచారు.

వాటితోపాటు ప్రతి వసంతంలోనూ బడిపిల్లలు కూడా వస్తారు.

ఐరోపాలో కొన్ని సంస్థలు పదిహేను, పదహారేళ్ళ విద్యార్థులను ఆరు నెలలకు పైగా తెరచాప ఓడ మీదనే ఉంచి చదువు చెబుతాయి. జర్మనీలోని ఎర్లాంగెన్-న్యూరెంబర్గ్ విశ్వవిద్యాలయం 2008 నుంచి నడుపుతున్న పథకానికి 'తెరచాపల కింద తరగతి గది' అని పేరు. దానిలో 34 మంది విద్యార్థులు 'థోర్ హెయర్డాల్' అనే మూడు కొయ్యల ఓడ ఎక్కుతారు. 1930లో సరుకుల ఓడగా పుట్టిన దానిని బాగుచేయించినవారిలో ముఖ్యుడు కెప్టెన్ డెట్లెఫ్ సోయిట్జెక్. ఆయనకు మన దేశాల చరిత్రతో చిన్న సంబంధం ఉంది. సుమేరులకూ సింధు నాగరికత ప్రజలకూ సముద్రం మీద రాకపోకలు సాధ్యమేనా అని తేల్చడానికి నార్వే అన్వేషకుడు హెయర్డాల్ 1977-78లో 'టైగ్రిస్' అనే రెల్లు పడవలో ఇరాక్ నుంచి సింధు ముఖం వరకూ, అక్కడి నుంచి జిబూతీ వరకూ ప్రయాణించినప్పుడు ఈ సోయిట్జెక్ ఆ పడవ మీద ఉన్నాడు. తన ఓడకు ఆ అన్వేషకుడి పేరే పెట్టుకున్నాడు.

మన నౌకాదళానికీ తెరచాప శిక్షణ ఓడలున్నాయి. 1997లో సేవలో చేరిన తరంగిణి, 2012లో చేరిన సుదర్శిని. రెండూ గోవాలో కట్టినవే, కొచ్చి కేంద్రంగా తిరిగేవే. అయితే వాటి మీద శిక్షణ పొందేవారు ముఖ్యంగా నౌకాధికారులు కాబోయేవారు. హోర్తాకు వచ్చే పిల్లలలో చాలామందికి నావికులు కావాలన్న ఉద్దేశమే ఉండదు. వారు లెక్కలూ జీవశాస్త్రమూ భాషలూ చదువుకుంటూ, వంతులవారీగా చుక్కాని పడతారు, చాపలు దించుతారు, ఉల్లిపాయలు తరుగుతారు, మరుగుదొడ్లు కడుగుతారు. శరదృతువులో ఉత్తర ఐరోపా నుంచి బయలుదేరి, కానరీ ద్వీపాల మీదుగా కరేబియన్ సముద్రం చేరి, పనామా, క్యూబాలు చూసి, బెర్ముడా నుంచి ఇంటిదారి పడతారు. బెర్ముడా నుంచి హోర్తాకు సుమారు 1,800 నాటికల్ మైళ్ళు. నడుమ నేల అనేది లేదు.

ఒక ఏప్రిల్ ఉదయాన అటువంటి ఓడ ఒకటి హోర్తా రేవులోకి రావడం చూశాను. అందులోనివారు చిన్న వయసువారు గనుక ఓడ పేరుగానీ ఎవరి పేరుగానీ చెప్పను. ఓడ మీది ఉపాధ్యాయురాలు ఒకామె ఆ రోజంతా నన్ను తమ వెంట ఉండనిచ్చారు.

అంతకు ముందురోజు సాయంత్రమే వారికి నేల జాడ తెలిసిందట. ఫయాల్ కంటే ముందు దాని ఎదుటి ద్వీపమైన పికో కనిపిస్తుంది. 2,351 మీటర్ల ఆ అగ్నిపర్వతం పోర్చుగల్ మొత్తానికి ఎత్తైన శిఖరం. మేఘాల పైన విడిగా తేలుతున్న ఆ శిఖరాన్ని చూసి, అది మేఘమా కొండా అని పిల్లలు పందేలు కాశారు. పద్దెనిమిది రోజులు నీటిని తప్ప వేరేదాన్ని చూడని కళ్ళకు కొండను గుర్తుపట్టడం కూడా కష్టమే అయింది.

రేవు చేరగానే పిల్లలు గంతులేస్తూ గట్టెక్కుతారని నేను అనుకున్నాను గానీ, గట్టెక్కిన మొదటివాడు పాసుపోర్టుల సంచీ పట్టుకున్న కెప్టెన్ ఒక్కడే. మిగిలినవారు చాపలను మడిచి కట్టారు, మోకులను చుట్టలు చుట్టారు, డెక్కును మంచినీటితో కడిగారు. మంచినీటితో కడగడం రేవులో మాత్రమే దొరికే భోగం. ఆ పనిలో ఉన్న ఇద్దరు అమ్మాయిలు గొట్టంతో ఒకరినొకరు తడుపుకుంటుంటే ఎవరూ మందలించలేదు. పది గంటలకు అందరినీ డెక్కు మీద కూర్చోబెట్టి కెప్టెన్ రెండే మాటలు చెప్పాడు. పడమటి నుంచి అల్పపీడనం వస్తోంది. నాలుగు రోజుల మజిలీ అనుకున్నది ఒక్క రోజే, మర్నాడు ఉదయం ఏడింటికి బయలుదేరాలి. ఆలస్యమైతే ఆ గాలివాన తగ్గేవరకూ రేవులోనే కూర్చోవలసి వస్తుంది, ఇల్లు చేరవలసిన తేదీ తప్పుతుంది.

నాలుగు రోజుల పనిని ఒక్క పగటిలోకి కుదించాలి. ఒక జట్టు బజారుకు, ఒక జట్టు బట్టల ఉతుకుడుకు, మరొకటి భూగోళ పాఠానికి ద్వీపం పడమటి కొసకు. నలుగురు ఓడ కాపలాకు. రేవులో కట్టిన ఓడకు కూడా కాపలా కావాలి. పోటుకూ పాటుకూ ఓడ లేస్తూ దిగుతూ ఉంటుంది గనుక మోకులను సడలిస్తూ బిగిస్తూ ఉండాలి. ఓడకూ గట్టుకూ మధ్య వేసిన పలక దగ్గర ఒక చెక్క తగిలించి ఉంది. దాని మీద ప్రతి ఒక్కరికీ ఒక బిళ్ళ. దిగేటప్పుడు బిళ్ళను 'గట్టు' వైపుకూ, ఎక్కేటప్పుడు 'ఓడ' వైపుకూ మార్చాలి. ముగ్గురికి తక్కువగా ఎక్కడికీ పోరాదు. సాయంత్రం ఆరింటికి బిళ్ళలన్నీ 'ఓడ' వైపే ఉండాలి.

బొమ్మ ఎప్పుడు వేస్తాం? అని ఎవరో అడిగారు. మధ్యాహ్నం వానలేకపోతే, అన్నాడు కెప్టెన్.

నేల మీద వారి నడక చూడవలసిందే. కాళ్ళు ఎడం చేసి, అడుగు వేయబోయే చోట నేల లేచి వస్తుందేమో అన్నట్టు తటపటాయిస్తూ నడిచారు. చెవిలోపల తూకం చూసే అంగం పద్దెనిమిది రోజులుగా ఊగే నేలకు అలవాటుపడింది. ఇప్పుడు కదలని నేల దానికి తప్పుగా తోస్తుంది. రొట్టెల దుకాణంలో వరుసలో నిలబడ్డ ఒక కుర్రాడు గోడ పట్టుకుని, ఈ ఊరు ఊగుతోందని దుకాణందారుతో ఫిర్యాదు చేశాడు. ఆమెకు అది కొత్త కాదు. కూర్చోమని బల్ల చూపించింది.

బజారు జట్టుకు వంటవాడు నాయకుడు. యాభై మందికి సరిపడే క్యాబేజీ, నారింజలు, రొట్టెలు, గుడ్లు కొనాలి. పికో ద్వీపపు తెల్లని జున్ను దగ్గర బేరం ఆగింది. కారణం ఉపాధ్యాయురాలు అక్కడ చెప్పిన కథ. ఒంటరిగా తెరచాప పడవలో ప్రపంచాన్ని చుట్టివచ్చిన మొదటి మనిషి జాషువా స్లోకమ్ 1895 జూలైలో ఈ రేవులో ఆగాడు. ద్వీపవాసులు ప్రేమతో పడవ నిండా పండ్లు పెట్టారు. బయలుదేరాక ఆయన రేగిపండ్ల వంటి ప్లమ్ పండ్లనూ పికో జున్నునూ కలిపి కడుపునిండా తిన్నాడు. రాత్రికి కడుపునొప్పితో గది నేల మీద పడిపోయాడు. కలవరింతలో చూస్తే చుక్కాని దగ్గర ఎవరో పొడుగాటి మనిషి. తాను కొలంబస్ ఓడ 'పింటా' మార్గదర్శినని చెప్పి, నువ్వు పడుకో, పడవను నేను నడుపుతానన్నాడు. తెల్లవారి చూస్తే 'స్ప్రే' తన దారి తప్పకుండా పోతూనే ఉంది. స్లోకమ్ ఈ సంగతి తన పుస్తకంలో రాసుకున్నాడు. వంటవాడు ఇదంతా శ్రద్ధగా విని జున్ను కొన్నాడు, ప్లమ్ పండ్లు మానేశాడు.

రేవుకు ఎదురుగా ఉన్న పీటర్ కాఫీ హోటల్ గురించి చెప్పకుండా హోర్తా గురించి చెప్పడం కుదరదు. 1918లో అజెవెదూ కుటుంబం పెట్టింది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఒక బ్రిటిష్ ఓడ అధికారి, యజమాని కొడుకు జోజేను చూసి తన కొడుకు పీటర్‌లా ఉన్నాడని ఆ పేరుతో పిలవడం మొదలుపెట్టాడు. పేరు మనిషికీ హోటలుకీ కూడా నిలిచిపోయింది. సముద్రం మీద ఉన్నవారికి వచ్చే ఉత్తరాలను ఈ హోటల్ దశాబ్దాలపాటు దాచి అందజేసింది. మేడ మీద తిమింగిలాల దంతాల మీద చెక్కిన బొమ్మల ప్రదర్శనశాల ఉంది. ఉత్తరాల పని ఇప్పుడు ఫోన్లు చేస్తున్నాయి. ఆ ఓడ మీద ఫోన్లన్నీ ఒక పెట్టెలో పెట్టి తాళం వేస్తారు, రేవులో మాత్రమే ఇస్తారు. హోటల్ మెట్ల మీద పిల్లలు వరుసగా కూర్చుని ఇంటికి మాట్లాడుతుంటే, ఎవరి భాష అర్థం కాకపోయినా, తల్లులు అవతల ఏమి అడుగుతున్నారో మాత్రం తెలిసిపోతూనే ఉంది. తింటున్నావా అనే.

ఒక్క కుర్రాడు మాత్రం ఫోను పట్టుకోలేదు. పదహారేళ్ళవాడు. బెర్ముడా నుంచి వచ్చిన దారిలో చాలా రోజులు వాడికి కడుపులో ఏదీ నిలవలేదు. అయినా కాపలా వంతు ఒక్కటీ తప్పలేదని ఉపాధ్యాయురాలు చెప్పారు. వైద్యం చేసే అధికారి ముప్పు లేదన్నాడు, కానీ వాడు బాగా చిక్కిపోయాడు. ఇక్కడి నుంచి ఇంగ్లిష్ చానల్ ముఖానికి ఇంకా 1,200 నాటికల్ మైళ్ళు. ఫయాల్‌లో విమానాశ్రయం ఉంది. బెర్ముడా నుంచి బయలుదేరేముందే వాడి తల్లి హోర్తాకు టిక్కెట్టు కొనుక్కుంది. మధ్యాహ్నం విమానానికి ఆమె వస్తోంది. వాడు ఉంటాడో వెళ్తాడో ఇంకా చెప్పలేదు. ఈ సంగతి ఓడలో అందరికీ తెలుసు, ఎవరూ వాడిని అడగలేదు.

వాడు భూగోళ పాఠానికి వెళ్ళే బస్సు ఎక్కాడు. నేనూ ఎక్కాను.

కపెలిన్యోస్ ఫయాల్‌కు పడమటి కొస. దారి పొడవునా పచ్చని గట్లు. వేసవిలో నీలిరంగు హైడ్రేంజియా పూలతో ఆ గట్లు నిండుతాయి, ద్వీపానికి నీలిద్వీపమన్న పేరు దానివల్లనే. అటువంటి పచ్చదనం ఒక మలుపు దగ్గర హఠాత్తుగా ఆగిపోయి బూడిదరంగు ఎడారి మొదలవుతుంది. 1957 సెప్టెంబరు 27న తీరానికి కొద్ది దూరంలో సముద్రం మరిగింది. పదమూడు నెలలు, 1958 అక్టోబరు 24 దాకా, అగ్నిపర్వతం బూడిదనూ లావానూ కక్కింది. ద్వీపానికి రెండు చదరపు కిలోమీటర్లకు పైగా కొత్త నేల అతుక్కుంది. పాత దీపస్తంభం కింది అంతస్తు బూడిదలో కూరుకుపోయింది. ఒకప్పుడు సముద్రపుటంచున నిలిచి ఓడలకు దారి చూపిన ఆ దీపం ఇప్పుడు సగం పూడుకుపోయి, వెలగకుండా, నేల మధ్యన నిలబడి ఉంది. పొలాలూ ఇళ్ళూ పోయిన వేలమందికి అమెరికా తలుపు తెరిచింది. 1958లో అందుకోసం చట్టం తెచ్చిన సెనేటర్లలో జాన్ కెనెడీ ఒకరు. కొత్త నేలను అలలు ఆనాటి నుంచీ తింటూనే ఉన్నాయి, చాలా భాగం ఇప్పటికే పోయింది.

ఆ బూడిద మీద పిల్లలను కూర్చోబెట్టి ఉపాధ్యాయురాలు మరో తేదీ చెప్పారు. అగ్నిపర్వతం లేవడానికి సరిగ్గా ఆరు రోజుల ముందు, 1957 సెప్టెంబరు 21న, ఈ ద్వీపాలకు నైరుతిగా సుమారు 600 నాటికల్ మైళ్ళ దూరంలో జర్మన్ శిక్షణ ఓడ 'పామిర్' తుఫానులో మునిగిపోయింది. బ్యూనస్ ఎయిర్స్ నుంచి విడిగా పోసిన బార్లీ గింజలతో వస్తోంది. ఓడ ఒరిగినప్పుడు గింజలు ఒక పక్కకు జారాయి, ఓడ మళ్ళీ లేవలేదు. 86 మందిలో ఆరుగురు బతికారు. పోయినవారిలో ఎక్కువమంది ఈ పిల్లల కంటే రెండు మూడేళ్ళు మాత్రమే పెద్దవారు. 1961లో అమెరికన్ బడి ఓడ 'ఆల్బట్రాస్' మెక్సికో సింధుశాఖలో మునిగి నలుగురు విద్యార్థులతో సహా ఆరుగురు చనిపోయారు. బడి ఓడల భద్రతకు అమెరికా 1982లో వేరుగా చట్టం చేయడానికి అదే మూలం. 2010 ఫిబ్రవరిలో బ్రెజిల్ తీరాన బోల్తాపడిన కెనడా బడి ఓడ 'కాంకోర్డియా' నుంచి మాత్రం 64 మందీ రబ్బరు తెప్పల్లోకి చేరి ప్రాణాలతో బయటపడ్డారు. వారంతా ముందే సాధన చేసి ఉన్నారు గనుక, అన్నారామె. ఇలాంటి కథలు పిల్లలకు చెప్పాలా అని నాకు సందేహం కలిగింది. చెప్పకుండా ఓడ ఎక్కించడం మోసం కదా అని ఆమె అన్నారు. ఆమె మాటే సబబనిపించింది.

బస్సు తిరిగి రేవు చేరేసరికి తల్లి గట్టు మీద నిలబడి ఉంది. కొడుకును చూసి ఆమె మొహంలో మార్పు కనిపించింది గానీ ఏమీ అనలేదు. తరువాత, వాడు ఓడలోకి పోయినప్పుడు, నాతో మాట్లాడుతూ, "నేను వాణ్ణి తీసుకుపోవడానికి రాలేదండీ. వాడు వస్తానంటే తోడు పోవడానికి వచ్చాను," అంది.

గోడ దగ్గర అప్పటికి పెద్ద తగవు నడుస్తోంది. ఇంకా తాజాగా ఉన్న ఇతరుల బొమ్మ మీద రంగు వేయకూడదు. వెలిసి, సంవత్సరం కూడా చదవలేనంతగా చెరిగిన చదరం ఒకటి వెతికి పట్టుకున్నారు. దాన్ని తోమి, కడిగి, తెల్లరంగు పూశారు. పికో కొండ వేయాలని కొందరు, అది ఇప్పటికే వందసార్లు గోడ మీద ఉందని కొందరు. చివరకు ఓడ రూపం, దాని కింద వంటింటి పెద్ద గరిటె ఖాయమయ్యాయి. ఆరు నెలల్లో అందరూ సమానంగా పట్టుకున్న పనిముట్టు అదొక్కటేనట. మన కోస్తాలో జాలరులు పడవ ముక్కు మీద దేవత పేరో కొడుకు పేరో రాయించుకుంటారు. ఇక్కడ పడవ పోతుంది, పేరు గట్టు మీద మిగులుతుంది.

గరిటె చుట్టూ 34 పేర్లు రాయాలి. అక్కడ మళ్ళీ ఆగింది. ముప్పై మూడా, ముప్పై నాలుగా?

ఐదున్నరకు ఆ కుర్రాడు పలక మీదుగా దిగి వచ్చాడు. భుజాన సంచీ ఉంది. చెక్క దగ్గర ఆగి తన బిళ్ళను 'గట్టు' వైపుకు మార్చాడు. కాపలా ఉన్న అమ్మాయి వాడిని కౌగిలించుకుంది. అంతే. ఉపన్యాసాలు లేవు. కెప్టెన్ వాడితో చేయి కలిపి, ఏదో తక్కువగా మాట్లాడాడు.

అయినా గోడ దగ్గర తగవు తేలలేదు. ప్రయాణం పూర్తిచేయనివాడి పేరు రాస్తే ఓడకు అరిష్టమేమోనని ఒకడు నిజంగానే భయపడుతున్నాడు. కెప్టెన్‌ను పిలిచారు. ఆయన గోడను ఒకసారి చూసి, "దీని మీద రాసేది ఇక్కడి నుంచి వెళ్ళేవారి పేర్లు కాదు, ఇక్కడికి వచ్చినవారివి. బెర్ముడా నుంచి ఇక్కడికి ఎంతమంది వచ్చారు?" అని అడిగి వెళ్ళిపోయాడు. ముప్పై నాలుగో పేరును ఆ భయపడ్డవాడే రాశాడు. అప్పటికి చినుకులు మొదలయ్యాయి. ఓడ నుంచి పాత చాప గుడ్డ ఒకటి తెచ్చి, నలుగురు నాలుగు కొసలూ పట్టుకుని రంగు ఆరేదాకా గోడకు గొడుగు పట్టారు. రాత్రి భోజనం వారికి అక్కడికే వచ్చింది.

మర్నాడు ఏడింటికి నైరుతి గాలి మొదలయింది. ఓడ బయలుదేరేటప్పుడు గట్టు మీద ఎవరో ఒకరు ఉండి, ఇనుప గుంజలకు తగిలించిన మోకులను తీసి నీటిలోకి వదలాలి. మామూలుగా ఆ పని రేవు కూలీ చేస్తాడు. ఆ ఉదయం వాడు అడిగి తీసుకున్నాడు. కెప్టెన్ చేయి ఎత్తగానే మొదట ముందటి మోకు, తరువాత నడిమిది, చివరగా వెనకటిది తీశాడు. ఒక్కొక్కటీ నీటిలో పడి, డెక్కు మీదివారు లాగుతుంటే పాములా జారిపోయింది. ముప్పై మూడు మంది అరిచి పిలిచారు. వాడు చేయి ఊపాడు. అడ్డుకట్ట దాటగానే చాపలు ఒకటొకటిగా తెరుచుకున్నాయి. వాటి పేర్లు వాడు వరుసగా తల్లికి చెప్పాడు.

వారి విమానం మధ్యాహ్నం రెండింటికి. అప్పటిదాకా ఏం చేద్దామని ఆమె అడిగింది. రాత్రి వానకు గరిటె పిడి దగ్గర రంగు కొంచెం కారిందనీ, కుంచె ఎక్కడ దొరుకుతుందో చూద్దామనీ అన్నాడు.